ఉప్పు తొట్టిలో రబ్బానీ

మచ్చలు మాయం చేద్దామని తొట్టిలోకి దిగిన రబ్బానీ, ఇప్పుడు తానే మాయమైపోతే బాగుండునని అనుకుంటున్నాడు.

ఆ తొట్టి కట్టింది అతనే. కర్నూలు శివార్లలో రాఘవేంద్రప్రసాద్ శెట్టి నడిపే ఊరగాయల కార్ఖానాలో, నిమ్మకాయలు ఉప్పునీళ్ళలో ఊరేయడానికి మనిషిన్నర ఎత్తు స్టీలు తొట్టి. "దీనికి తుప్పు పడితే నా పేరు మార్చుకుంటా" అని నలుగురిలో రొమ్ము చరిచి మరీ చెప్పాడు. మొదటి విడతకే నిమ్మకాయలతోపాటు స్టీలూ ఊరింది. అడుగునిండా ఆవగింజంత గుంటలు, గుంటకొక గోధుమరంగు బొట్టు. ఉప్పు తుప్పయింది, తుప్పు తప్పయింది, ఒప్పుకుంటే ముప్పయ్యేట్టుంది. శెట్టి కంటబడక ముందే రుద్దేద్దామని, తొట్టి ఖాళీగా ఉన్న రోజు భోజనాల వేళకు వచ్చాడు. కార్ఖానా పనివాడు హనుమేష్ బయట నిచ్చెన పట్టుకుంటే ఎక్కి, లోపలికి జారాడు. పిలవగానే నిచ్చెన లోపలికి దించాలని ఒప్పందం.

శెట్టి కారు చప్పుడు వినగానే హనుమేష్ పేరు నిలబెట్టుకున్నాడు. ఆ హనుమంతుడు కొండ ఎత్తుకుపోతే, ఈ హనుమేష్ నిచ్చెన ఎత్తుకుపోయాడు.

శెట్టి గొంతు వెనకే ఒక ఆడమనిషి గొంతు. ఆత్మకూరులో చింతకాయ తొక్కు చేసి అమ్మే చెన్నమ్మ. కొత్త షెడ్డుకు ఏ స్టీలు తొట్టి మంచిదో కనుక్కుందామని వచ్చింది.

"ఇట్లాంటిదే రబ్బానీతో కట్టించుకో చెన్నమ్మా. స్టీలు నేనే పరీక్ష చేసినా. అయస్కాంతం అంటుకుంటే ముతక సరుకు, అంటకుంటే మేలురకం. మా నాయన గిన్నెల అంగట్లో గూడా ఇదే పరీక్ష. ఇదో చూడు, ఎట్ల జారిపోతాండాదో!"

బయట అయస్కాంతం గోడకు టంగుమని తగిలి జారింది. లోపల రబ్బానీ గుండె కూడా.

రబ్బానీదీ అదే చదువు. అంతకుముందు అతను కట్టినవన్నీ పాల తొట్లు, మిఠాయి బాణళ్ళు. వాటికి మూడు వందల నాలుగో రకం స్టీలు సరిపోయింది. అయస్కాంతం అంటలేదు కదా అని ఉప్పుకూ అదే వేశాడు. తుప్పు చూశాక రేకులు అమ్మిన హైదరాబాదు వ్యాపారికి ఫోన్ చేసి తిడితే, అతను నవ్వాడు. ఉప్పూ పులుపూ కలిసే చోట మాలిబ్డినం అనే లోహం కలిపిన మూడు వందల పదహారో రకం వేయాలట. అయస్కాంతం దానికీ అంటదు, దీనికీ అంటదు. అంటుకునేది రబ్బానీకి నింద ఒక్కటే.

"అట్లయితే నాకూ ఇదే చెప్పండి శెట్టిగారూ," అంటోంది చెన్నమ్మ. "ఉండేదంతా దీంట్లోనే పెడతాండా. చెడిపోతే ఇంగొకటి కట్టించే శక్తి లేదు నాకు."

రబ్బానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే పేరు పోతుంది. మూసుకుంటే ఆ తొట్టీ తన చేత్తోనే కట్టాలి, ఆమె బతుకును తన చేత్తోనే తుప్పు పట్టించాలి. చుట్టూ మెరిసే గోడ. ఎటు తిరిగినా తన మొహమే, సాగి, వంకరపోయి.

"అక్కా, ఈ రకం వద్దు!"

శెట్టి అడుగులు తొట్టి చుట్టూ తిరిగాయి.

"ఎవురప్పా అది?"

"నేను సామీ, రబ్బానీని."

"యాడుండావు?"

"తొట్టిలో."

"నిన్నెవురు ఊరేసినార్రా ఈడ!"

హనుమేష్ నిచ్చెన తెచ్చాడు గానీ బయటివైపే ఆనించాడు. ముందు చెన్నమ్మ ఎక్కి ఫోన్ లైటు వేసింది. రబ్బానీ దొంగలాగా తల వంచుకుని ఒక్కొక్క గుంటా చూపించాడు, హైదరాబాదు సంగతి మొత్తం చెప్పాడు.

"నాకు ఆ పదహారుదే కట్టు నాయనా. ఇప్పుడన్నా నోరు తెరిచినావు, నాకది శానా," అని ఆమె దిగింది.

తర్వాత శెట్టి ఎక్కాడు. గుంటలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"నా తొట్టి ఎవురు మారుస్తారు?"

"నేనే సామీ. ముందిచ్చిన కూలీలోనే అనుకోండి, మళ్ళా అడగను."

"ఎప్పుడు?"

"శ్రీరామనవమికి."

"అంతవరకూ నా నిమ్మకాయలు నీ ఇంట్లో ఊరేస్తావా?"

శెట్టి కిందికి దిగాడు. నిచ్చెన పైకి లేచి అంచుమీద అడ్డంగా ఆగింది.

"ఉగాదికి, సామీ."

నిచ్చెన కాళ్ళు కొంచెం లోపలికి వంగి, అందనంత ఎత్తులో నిలబడ్డాయి.

రబ్బానీ కళ్ళు మూసుకున్నాడు. హైదరాబాదు నుంచి రేకు రావాలి. చెన్నమ్మ పనీ ఉంది. మనుషులు లేరు. రాత్రీ పగలూ అతుకులు వేసినా అయ్యేది కాదు.

"శివరాత్రికి!"

నిచ్చెన అడుక్కు తగిలింది. రబ్బానీ ఎక్కి వచ్చాడు. అవతల స్టూలు వేసుకుని నిలబడిన శెట్టి చెయ్యందించాడు. నేలమీదికి దిగాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"పద, నా కొత్త తొట్టికి ఇప్పుడే కొలతలు తీసుకుందువు."