పద్దెనిమిదో రోజున ఆపాలి

నేను ఒక స్థిరాంకాన్ని. నా విలువ పద్దెనిమిది. ప్రోగ్రాములో ఒకసారి రాశాక నేను చివరిదాకా మారకూడదు. నేను మారను గానీ, మనుషుల చెయ్యి ఊరుకుంటుందా!

నన్ను పుట్టించింది విజయనగరం వైపు ఒక పాలిటెక్నిక్‌లో పాఠం చెప్పే సువర్చల మేడం. గుడ్లు పొదిగే మిషనుకు ప్రోగ్రాము రాయడం నేర్పుతూ, నాకు 'తిప్పడం_ఆపే_రోజు' అని పేరు పెట్టారు. పొదిగేటప్పుడు గుడ్లను అటూ ఇటూ తిప్పుతుండాలి. పద్దెనిమిదో రోజున మానెయ్యాలి. అప్పటికి పిల్ల బయటికి రావడానికి లోపల సర్దుకుంటుంది. ఆ రోజును గుర్తుంచుకోవడమే నా పని.

ఆ వైభవం వారం కూడా నిలవలేదు. ప్రతి ప్రోగ్రామునూ రికార్డు పుస్తకంలో చేత్తో రాయాలి కదా, ఆ క్లాసులో నూకరాజు అనే మహానుభావుడు నా పేరు చూసి బెదిరిపోయాడు.

"ఇంత పేరు ఎవుడు రాస్తాడ్రా? సేతులు పడిపోతాయి. 'క' అని రాసీ, సంతకం ఎట్టీస్తారు."

మేడం సెలవులో ఉన్నారు. వేరే సారు చదవకుండానే సంతకం పెట్టేశాడు. అప్పట్నుంచి సీనియర్ల రికార్డు జూనియర్లు దించుకుంటూ పోయారు. 'క' అంటే ఏమిటని ఒక్కరైనా అడిగితే ఒట్టు.

అలా దించుకున్నవాళ్లలో పైడితల్లి ఒకతె. చదువయ్యాక ఆడవాళ్ల సంఘం నడిపే చిన్న హేచరీలో చేరింది. సంఘంవాళ్లు తమ ఇళ్ల పెట్టలు పెట్టిన మూడు వందల గుడ్లు తెచ్చి, "నీదే భారం తల్లీ" అన్నారు. ఆమె పాత రికార్డు తెరిచి, ప్రోగ్రాము మిషనులోకి ఎక్కిస్తూ నా దగ్గర ఆగింది.

"పిల్లలొచ్చేది ఇరవై ఒక్క రోజులకి కదేటి! ఈ పద్దెనిమిదేటి? ఎవులో తప్పు రాసీసినారు."

నా పద్దెనిమిది చెరిపేసి ఇరవై ఒకటి పెట్టింది. నోరుంటే అరిచేదాన్ని. కనీసం నా పాత పేరున్నా సరిపోయేది.

పందొమ్మిదో రోజున గుడ్లున్న తట్టలు తిరిగాయి. ఇరవయ్యో రోజునా తిరిగాయి. తిప్పమన్నది నేనే. పిల్లలు లోపల సర్దుకోబోయిన ప్రతిసారీ నేను ఒరగదోశాను. నలభై రెండే బయటికొచ్చాయి. మిగతా గుడ్లు పగలగొట్టి చూస్తే, నూగుతో సహా అన్నీ తయారైన పిల్లలు లోపలే చచ్చిపోయి ఉన్నాయి.

పైడితల్లి ఏడుస్తూ మేడంకు ఫోను చేసింది. ఆవిడ ప్రోగ్రాము చదివించుకుంటూ 'క' దగ్గర ఆపారు.

"ఆఖరి మూడు రోజులూ పెట్ట గుడ్లను కదపదు. నీకు తెలీదా అమ్మా?"

"తెల్సు మేడం. మా అమ్మ పెట్టల్ని సిన్నప్పట్నించీ సూస్తన్నాను. ఆ 'క' అదేనని తెలీలేదు."

ఆ మాట నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

రికార్డులోనూ మిషనులోనూ నా పేరు నాకు తిరిగొచ్చింది, పద్దెనిమిదీ వచ్చింది. సంఘంవాళ్లు మళ్లీ గుడ్లిచ్చారు, ఈసారి వందే. ఇవాళ పద్దెనిమిదో రోజు. తట్టలు ఆగాయి. అయినా పైడితల్లి గాజు తలుపుకు నుదురు ఆనించి, ఎక్కడ కదులుతాయోనని పొద్దున్నుంచీ కూర్చునే ఉంది. ఆపేశాను తల్లీ, లేచి అన్నం తిను అందామంటే నాకు నోరు లేదు. ఉన్నది పేరొక్కటే. రికార్డు ఒళ్లో పెట్టుకుని, ఆమె ఆ పేరునే మళ్లీ మళ్లీ చదువుకుంటోంది.