మబ్బు కింది సముద్రం

పెరూ రాజధాని లిమా ఆఫీసులో కూర్చున్న పెద్దలారా, సముద్రాన్ని చూడకుండానే దాని లెక్క రాసేశారు మీరు.

మన చింబోటే రేవు తీరంలో చలికాలమంతా మబ్బే. ఉపగ్రహానికి నీళ్లు కనపడవు. ఆ ఖాళీల్లో పోయినేటి అంకెలు నింపి, సముద్రం బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటోందని పటం గీశారు. పడవలో తోడున్న మనిషిని మీరు తీసేశాక, ఇక్కడ నీళ్లు పరీక్షించే ఉద్యోగి యులాలియా ఒక్కతే వెళ్లి, సీసాల్లో నీళ్లు పట్టి కొలిచింది. సముద్రం ఆ వాయువును పైకి వదులుతోంది.

ఆ సంగతి చెప్పాలని ఆమె ఫోన్ చేస్తే మీ ఇంజనీరు అధికారి నవ్వాడు. "ఉపగ్రహం ఉండగా నీ సీసాలెందుకమ్మా? వచ్చే నెల నుంచి పడవ ఉండదు."

"మీ ఉపగ్రహం మబ్బు వీపే చూస్తుంది ఇంజనీరు గారూ. కింద ఉన్నది నేనొక్కదాన్నే."

అతను ఫోన్ పెట్టేశాడు. వినే మనిషి లేక, ఆమె ఆ రోజు కొలతను గట్టిగా సముద్రానికే చదివి వినిపించింది.

ఆ పటం చింపండి. ఆమె అంకెలు రాయండి. పడవ ఆపకండి, దానికి ఇంకో మనిషిని ఇవ్వండి, ఈ వారమే.