బాకీ గుడ్డు

పిట్టకు పెట్టిన కూడు ముట్టేది పోయిన మనిషేనా, లేక ఆకలితో వచ్చిన ఉత్త కాకేనా? సోమలింగానికి ఈ అనుమానం ఏళ్ళుగా ఉంది. నేతవాళ్ళ కులదైవం మార్కండేయ స్వామికి దండం పెట్టనిదే మరమగ్గం ముందుకు పోని మనిషి. అందుకే ఎవరినీ అడగలేదు.

సూరత్ విమానాశ్రయం బయట, గోడ పక్కన పరిచిన విస్తరి ముందు నిలబడ్డప్పుడు ఆ అనుమానం మళ్ళీ వచ్చింది.

తోటి నేతగాడు రాజమౌళి కరోనాతో పోయి అది పదకొండో దినం. శవాన్ని చూడనీయలేదు, బూడిద చేతికిచ్చారు. నవాగామ్‌లో వాళ్ళుండే గదుల యజమాని, రోగం అంటుతుందని, పిట్టకు పెట్టడానికి మేడ ఎక్కనీయలేదు. ఇప్పుడు ఆ బూడిద గోదావరిలో కలపడానికి రాజమౌళి భార్య భూదేవి, కూతురు నీరజ బయలుదేరారు. సోమలింగం తోడు వస్తున్నాడు. రైళ్ళలో చోటు దొరక్క నీరజ విమానం టికెట్లు తీసింది.

పొద్దున్నే వండిన అన్నం, కోడికూర, గారెలు విస్తట్లో ఉన్నాయి. పిట్ట ముట్టనిదే ముగ్గురూ మెతుకు ముట్టరాదు. గోడ మీద కాకి ఉంది. దిగదు.

"బిడ్డ పెండ్లి మంచిగ చేస్తనయ్యా, ముట్టు" అంది భూదేవి.

"మమ్మీ, నా షాదీ గురించి డాడీకి ఏం టెన్షన్ లేకుండె. గారెలల్ల ఉప్పు తక్కువైందేమో" అంటూ నీరజ నవ్వబోయి, మాస్కు కళ్ళదాకా లాక్కుంది.

ఇక్కడ తిండి పెట్టొద్దంటూ కాపలా మనిషి వచ్చాడు. "అరే చాచా, ఇధర్ ఖానా మత్ రఖో!"

"దో మినిట్ భయ్యా. బడా భాయ్ ఖాయేగా" అన్నాడు సోమలింగం, అన్న తినేదాకా ఆగమని.

"కిధర్ హై భాయ్?"

సోమలింగం గోడ మీదికి చూపించాడు. కాపలా మనిషి కాకిని చూసి, "జల్దీ కరో" అని పక్కకు పోయాడు.

సోమలింగం సూరత్‌లో పనికి చేరిన మొదటి రోజు, మగ్గాల షెడ్డులో అందరి అన్నం డబ్బాలూ ఒక్కతీరుగా ఉండేవి. తనదనుకుని రాజమౌళి డబ్బా విప్పి, అందులోని ఒక్కగానొక్క గుడ్డు తినేశాడు. అప్పటినుంచీ రాజమౌళి నలుగురిలో పట్టుకునేవాడు: "నా గుడ్డు బాకీ ఉన్నవ్ తమ్మీ!" తెచ్చిస్తే తీసుకోడు. "ఇది కాదు, ఆ గుడ్డే కావాలె."

రాజమౌళి ఆస్పత్రిలో ఉన్నప్పుడు గుడ్డు ఉడకబెట్టి పట్టుకుపోతే గేటు దగ్గరే పెట్టి పొమ్మన్నారు. మర్నాడు డబ్బా అక్కడే ఉంది, చీమలు పట్టి. మనిషే లేడు.

"కాకా, లోపలికి పోవాలె, చలో" అంది నీరజ, చిన్నాన్న వరసైన సోమలింగంతో.

"కోపమొచ్చింది తమ్మీ ఆయనకు" అంది భూదేవి. "మనమంత ఉండి, దిక్కులేనోని లెక్క ఒక్కడే సచ్చిండు. ఎట్ల ముడ్తడు?"

సోమలింగం భుజం మీది సంచి దించాడు. దారిలో తినమని భార్య ఎల్లవ్వ కట్టిన గుడ్డు సంచిలోంచి తీసి, ఒలిచి అన్నం మీద పెట్టాడు.

"అన్నా, ఆ గుడ్డు ఏడికెల్లి తేవాలె? గిదే తీస్కో."

కాకి దిగింది. కూర వైపు చూడలేదు. గుడ్డును పొడిచి, సగం ముక్క కరుచుకుని లేచిపోయింది. భూదేవి భోరుమంది.

ఆకలి కాకేనేమో అని సోమలింగానికి మళ్ళీ అనిపించింది.

"సగమే తీస్కపోయిండు కాకా" అంది నీరజ. "సగం బాకీ ఇంకా ఉన్నట్టే."

ముగ్గురూ నిలబడే ఉన్నారు. కాసేపటికి కాకి తిరిగొచ్చి మిగతా సగమూ ఎత్తుకుపోయింది.