మామిడి పూత

రాగి నీళ్ళ తొట్టిలోంచి భూలక్ష్మి మామిడి పూతరెమ్మను తీగతో పైకెత్తి చూసి, మళ్ళీ ముంచింది. నిజమైన పూతే. ఎండబెట్టి, లక్క పూసి, పైన కరెంటు పారే నల్లరంగు అద్ది కరెంటు పెడితే నీళ్ళలోని రాగి దానికి పట్టుకుంటుంది. ఆ తర్వాత బంగారు నీరు పట్టిస్తే సినిమా పెళ్ళిలో హీరోయిన్ జడకెక్కుతుంది.

ఫిల్మ్‌నగర్‌లో వరప్రసాద్ నగల షెడ్డులో ఏళ్ళ తరబడి ఆమె పని ఇదే. గోళ్ళు ఆకుపచ్చబడ్డాయి, ఊపిరి సగమే మిగిలింది. ముందు గదిలో కిటికీ పక్కన ముత్యాలు గుచ్చే పీట మీదికి మార్చమని ఎన్నోసార్లు అడిగింది.

"ఈ పూత బాగా వస్తే మారుస్తాలేమ్మా," అన్నాడు వరప్రసాద్. ఆయన మాట నమ్మడానికి ఎంత అమాయకత్వం కావాలో అంతా ఆమె దగ్గరుంది.

మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. "మామిడి పూత తీసెయ్యమ్మా," అని పెట్టేశాడు.

షెడ్డులో పూత తీయడమంటే ఒకటే అర్థం. పట్టిన రాగి బాగాలేదు, యాసిడ్‌లో కరిగించెయ్యమని. భూలక్ష్మికి ఏడుపొచ్చింది. ఇంత చక్కగా వచ్చిందే! అయినా సారు చెప్పాక చేసేదేముంది?

యాసిడ్ పని పైన డాబా మీద, ఆరుబయట చెయ్యాలి. అక్కడేమో హీరోయిన్ ఫొటోలు తీస్తున్నారు. ఘాటు పైకి రాకూడదని తలుపు మూసుకొమ్మన్నారు. మూసుకుని లోపలే చేసింది. గాజు పళ్ళెంలోంచి ఎర్రటి పొగ లేచింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. రాగి కరిగిపోయింది, లోపలి పూత కూడా మాడిపోయింది.

సాయంత్రం వరప్రసాద్ వచ్చాడు. "ఏదీ, తీసి ఆరబెట్టావా?"

"మీరే పూత తీయమన్నరు గద సార్. తీసేసిన."

"తొట్టిలోంచి తియ్యమన్నానే! పువ్వు, పువ్వు! బుర్రుందా నీకు? పైగా కిటికీ కావాలట కిటికీ!"

"తప్పయింది సార్. జర... గాలి ఆడుతలేదు."

"నటించకు. ఫిల్మ్‌నగర్‌లో నటించేవాళ్ళకేం కరువు లేదు."

గోడ పట్టుకుని బయటికొచ్చి డాబా మెట్టు మీద కూలబడింది. కాసేపటికి ఫొటోలవాళ్ళు డాబా దిగుతూ పక్కకు జరగమన్నారు. జరగలేదు. గట్టిగా అరిచారు. అప్పటికే ప్రాణం పోయింది.

మర్నాడు వరప్రసాద్ కొత్త పూతరెమ్మ తెప్పించాడు. తొట్టి దగ్గర సుబ్బులు అనే ఆవిడను కూర్చోబెట్టాడు. గాజు పళ్ళెంలోని ఆకుపచ్చ నీళ్ళు మాత్రం ఎక్కడ పారబోయాలో ఎవరికీ తెలియక అలాగే ఉన్నాయి.