దండెం మీద వాసన

ఆదెయ్య పొద్దున్నే లేచి, ఎడ్లకు చొప్ప వేసి, కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు తిరగేసి, ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే వరస. ఎనభై మూడులో మాత్రం తిరగెయ్యడానికి కళ్ళంలో కాయల్లేవు. మొదటి కోత ఎండి బస్తాలకెక్కింది, మిగిలినవన్నీ చెట్లమీదే ఉన్నాయి.

దాచేపల్లి అవతల, కొండ కింద అతని చేను మూడెకరాలు. రెండో కోత మొదలైన రోజే, గట్టుమీది చెదపుట్ట దగ్గర కూలీల మేస్త్రీ జోసఫ్ మీద, చెదలు తినడానికొచ్చిన ఎలుగుబంటి పడింది. గుంటూరు ఆస్పత్రిలో నెత్తికి పాతిక కుట్లు వేశారు. ఆ తర్వాత ఆ చేలో కూలీ ఒక్కరు కాలు పెడితే ఒట్టు. ఇంకో వారం ఇలాగే ఉంటే పండిన కాయంతా తాలైపోతుంది.

మనిషిని గాయపరిచింది కాబట్టి కాల్చవచ్చని పైనుంచి కాగితం వచ్చింది. రావడానికేం, ఆదెయ్య జన్మలో పిట్టను కొట్టిన పాపాన పోలేదు. అందుకని నాగూర్ వలి ఇంటికి వెళ్ళాడు. వలి ఒకప్పుడు పేరున్న వేటగాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మంచం దిగడు. దిగకపోతేనేం, నోరు బ్రహ్మాండంగా ఉంది.

తుపాకీ ఇస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. దూదిపింజ వదిలి గాలి ఎటో చూసుకోమన్నాడు. నల్లగా కనపడ్డదల్లా ఎలుగు కాదు, ఊళ్ళో గేదెలున్నాయి, చూసి మరీ కాల్చమన్నాడు. అది రెండు కాళ్ళమీద లేస్తే కంగారుపడొద్దు, దానికి చూపు ఆనదు, లేచి చూస్తుందంతే అన్నాడు. పక్కకు తిరిగేదాకా ఆగి ముందుకాలి వెనక కొట్టమన్నాడు. పడిపోయింది కదా అని పరుగెత్తుకెళ్ళి చావొద్దన్నాడు.

"అన్నిటికంటే ముందు నీ వాసన ఇంట్లో వదిలేసి పో. ముప్పై ఏళ్ళు నేను దండెం మీద వేసి పోయినవాణ్ణే."

వాన వస్తే దాన్ని లోపలికి తెచ్చేది తనేనని వంటింట్లోంచి ఆయన భార్య నసీమున్నీసా అందుకుంది. ఎండలో ఎక్కువసేపు ఉంచితే బిరుసెక్కుతుందనీ, ఆ సంగతి మీ ఆవిడకు చెప్పమనీ అంది.

మర్నాడు తెలతెలవారుతుండగా ఆదెయ్య తన వాసనను బనీను విప్పినట్టు తలమీదుగా తీసి, పెరట్లో దండెం మీద వేశాడు. వేశాడో లేదో, కోడె ఎవరో కొత్తవాడు వచ్చాడని కొమ్ము విసిరింది. భార్య సుబ్బరావమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కాయ పోతే వచ్చే ఏడు పండుద్ది. నువ్వు మటుకు తిరిగి రా," అంది.

అతను తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఏ తువ్వాలు? కళ్ళంలో మొదటి కోత కాయమీద పరిచి, దులిపి, మళ్ళీ పరిచిన తువ్వాలు! మిరప ఘాటు ఆ ఊళ్ళో ఎవరికీ వాసన కింద లెక్క కాదు మరి.

పుట్టకు ఇరవై గజాల దూరంలో కూర్చున్నాడు. పింజ వదిలితే కొండవైపు పోయింది. పోతే పోనీ, వాసన ఇంట్లో ఉంది కదా అని అతని ధైర్యం. కాసేపటికి ఎలుగు వచ్చింది. నేరుగా వచ్చి, పుట్ట దగ్గర పక్కకు తిరిగింది. ఆదెయ్య ముందుకాలి వెనక గురి పెట్టాడు.

ఎలుగు తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడో తుమ్ముకు వీపుమీది బొచ్చులోంచి నల్లటి ముద్దొకటి జారి కిందపడి, కుయ్యిమంది. పిల్ల.

తల్లి రెండు కాళ్ళమీద లేచింది. వలి చెప్పినట్టు చూసిందంతే. ఆ కాసేపట్లో పిల్ల బొచ్చు పట్టుకుని ఎగబాకి మళ్ళీ వీపెక్కింది. ఆదెయ్యకు చెయ్యాడలేదు. రెండూ కొండెక్కి కనపడకుండా పోయాక తుపాకీ దించాడు.

తువ్వాలు సంగతి విని వలి దద్దమ్మా అని తిట్టాడు. పిల్ల సంగతి వినేసరికి తగ్గాడు. మనిషి వాసన ముందే తగిలితే పిల్లతల్లి ఆ ఛాయలకే రాదనీ, జోసఫ్ మీద పడిన రోజు గాలి కొండవైపు నుంచి వీస్తోంది గనక అతని వాసన దానికి అందలేదనీ, బెదిరి మీద పడి ఉంటుందనీ చెప్పాడు.

ఆదెయ్యకు ఇంకో సంగతి తట్టింది.

"అయితే సాయిబుగారూ, దండెం ఇంటి దగ్గరెందుకు? కొండ దగ్గరే కడితే?"

"కట్టుకో. కోతలయ్యేదాకా తియ్యకూడదు మరి. అన్నాళ్ళు వాసన లేకుండా ఉండగలవా?"

ఉంటానన్నాడు. చేనుకూ కొండకూ మధ్య, చాలా ఎగువన, రెండు రాటలు పాతి, తాడు కట్టి, వాసన ఆరేశాడు. గాలి ఎటు వీచినా కొండకు అందేంత దగ్గర. ఎలుగు అడుగులు దండేనికి అవతలే ఆగిపోయాయి. కూలీలొచ్చారు. కుట్లమీద తలగుడ్డ చుట్టుకుని జోసఫ్ కూడా వచ్చాడు. కళ్ళం ఎర్రబడింది.

ఇంటి దగ్గరే కష్టమైంది. ఎడ్లు కుడితి ముట్టలేదు. పెంచిన కుక్కే మొరిగింది. సుబ్బరావమ్మ, అతను పక్కనే ఉన్నా, ఇల్లంతా వెతుక్కుంటున్నట్టు తిరిగేది.

నాలుగో రోజు ఆమె మధ్యాహ్నం అన్నం తెచ్చింది. క్యారేజీ అతనికిచ్చి, తన గిన్నె తీసుకుని, చేను దాటి, దండెం కిందికి పోయి కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుని తినడం మొదలుపెట్టింది.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె ఏనాడూ అతని పక్కన కూర్చుని తినలేదు. అతను తిని లేచాకే ఆమె కంచం పెట్టుకునేది. ఆదెయ్య కలిపిన ముద్ద అలాగే వదిలి కాసేపు అటే చూశాడు. తర్వాత క్యారేజీ పట్టుకుని, కూలీలందరూ చూస్తుండగానే వెళ్ళి, ఆమె పక్కన కూర్చున్నాడు.