అమావాస్యనాటి ఎర

కార్తీకమాసంలో చీమనైనా తొక్కకూడదని ఆదినారాయణరాజు నియమం. అందుకే చెరువులో చేపల్ని తినేస్తున్న నీటికుక్కల కోసం పురుగుల గుళికల మందు కుక్కిన చేపల్ని మాసం రాకముందే, దీపావళి అమావాస్య సాయంత్రం, చెరువు గట్టుమీద పెట్టించేశాడు. చెరువు పనిచూసే చిట్టియ్య ఒక్కటే అడిగాడు.

"రేపు తింటే ఆ పాపం ఏ నెలలోదవుద్దండి రాజుగారూ?"

"పెట్టింది ఇవాళేగా. నోరు మూసుకుని పెట్టు."

నీటికుక్కలు వాటిని మర్నాడు తెల్లవారుజామునే తిన్నాయి. రాజు కాలవలో తొలి కార్తీకస్నానం చేసి, అరటిదొప్పలో దీపం వదిలి వచ్చేసరికి మూడు నీటికుక్కలు గట్టుమీద చచ్చిపడి ఉన్నాయి. తల్లి నోట్లో సగం చేప ఇంకా ఉంది. రాజూ చిట్టియ్యా కలిసి వాటిని గట్టుకిందే పాతేశారు.

ఆ మర్నాటి నుంచి దీపం వదిలే వేళకి చెరువు పక్క జమ్ముగడ్డిలోంచి సన్నగా ఈల వినిపించేది. ఆగి ఆగి, ఎవర్నో పిలుస్తున్నట్టు.

"విన్నావా?" అనడిగితే చిట్టియ్య తల అడ్డంగా ఊపేవాడు. "లేదండి. మీరేమో ఉపవాసాల్లో ఉన్నారాయె."

రాజు శివనామం పైకే అనుకునేవాడు. ఊపిరి తీసుకోడానికి నామం ఆపిన చోటల్లా ఈల ఉండేది.

పదోనాడు కూతురు మంజుష వచ్చింది. వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్సీ చేసి, డెల్టా నీటికుక్కల సర్వేలో ఆర్నెల్ల కాంట్రాక్టు మీద చేరింది. రిపోర్టు నచ్చితే పర్మనెంటు చేస్తారు. మిగతా రైతులెవరూ గట్టెక్కనివ్వకపోతే, ఏదైనా కదిలితే తనంతట తానే ఫోటో తీసే కెమెరా తెచ్చి సొంత చెరువు గట్టుమీదే బిగించింది. భోజనాల దగ్గర మేనమామ పల్లంరాజు ఆటపట్టించాడు.

"పులుల్ని మేనేజ్ చేసే చదువంట కదా! ముందు మీ నాన్నని మేనేజ్ చెయ్యవే."

"మా నాన్నగారికి అక్కర్లేదు మావయ్యా. ఈ చుట్టుపక్కల వాటిని చంపని గట్టు మాదొక్కటే. రిపోర్టులో అదే రాస్తున్నా."

రాజు పళ్లెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. వారం కిందట ఆమె ఫోన్లో అడిగితే ఆ మాట చెప్పింది తనే.

నాలుగు రోజులు గడిచాక మంజుష చెరువు షెడ్డులో ల్యాప్‌టాప్ తెరిచి తండ్రిని పిలిచింది. ఫోటోలన్నిటిలో ఒక్కటే చిన్న నీటికుక్క. రోజూ తను దీపం వదిలే వేళకే, ఒకే చోట. గట్టుకింది కొత్తమట్టి మీద ముక్కు ఆనించి కూర్చుంది. ఒకదాంట్లో ముందుకాళ్లతో తవ్వుతోంది.

ఆ ఈల దెయ్యానిదైతే బాగుండేదనిపించింది రాజుకి. దెయ్యానికి శాంతి చేయించొచ్చు. బతికున్న పిల్లకి ఏం చేయిస్తారు?

"ఈ వయసులో తల్లి వెంటే తిరగాలి. ఎవరో చంపేసుంటారు," అంది మంజుష. "మన గట్టుకొచ్చింది కాబట్టి బతికింది. రిపోర్టుకి ఇదే మొదటి ఫోటో నాన్నగారూ."

ఊరుకుంటే ఆమెకి ఉద్యోగం వస్తుంది. కానీ ఆమె చేసే మొదటి పనే అబద్ధం మీద నిలబడుతుంది. అమావాస్యకీ పాడ్యమికీ మధ్య గోడ ఈశ్వరుడు కట్టాడా, తాను కట్టుకున్నాడా?

"ఆ మట్టికింద దాని తల్లుందమ్మా," అన్నాడు. "మందు పెట్టించింది నేనే."

గుమ్మంలో వల బాగుచేస్తున్న చిట్టియ్య లేచి దూరంగా వెళ్లిపోయాడు.

"మరి ఫోన్లో..."

"అబద్ధం చెప్పాను."

"రాస్తే మీమీద కేసవుతుంది. తెలుసాండి?"

"రాయకపోతే?"

మంజుష సంచిలోంచి సర్వే కాగితం తీసింది. ఊరూపేరూ తెలియని రైతుని అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది.

"ఎన్ని చచ్చిపోయాయి?"

"మూడు."

"ఎన్ని చేపలకి మందు పెట్టారు?"

"పన్నెండు. మూడు అవి తిన్నాయి. ఏడు ఏరి పారేశాం."

కలం ఆగింది. "మిగతా రెండూ?"

రాజుకి అది ఇంతవరకూ తట్టనే లేదు. అతను నోరు తెరిచేలోపే మంజుష కాగితం బల్లమీద పడేసి, పరుగున గట్టు దిగి జమ్ములోకి వెళ్లింది. రాజు పంచె ఎగ్గట్టి ఆమె వెనకాలే మోకాటిలోతు బురదలోకి దిగి, పిల్లకి దొరకకముందే ఆ రెండు చేపల కోసం రెండు చేతులతో అడుగంతా తడమసాగాడు.