మంచు పడితే సెలవు

నవంబరు సగం గడిచినా గుడౌరిలో మంచు పడలేదు. ఆ ఊరు జార్జియా దేశంలో కాకసస్ కొండల మీద ఉందనీ, అక్కడ జనం కాళ్లకు పలకలు కట్టుకుని మంచు మీద జారుతారనీ హుస్సేనమ్మ విని ఉంది. ఎన్నడూ చూడలేదు, చూడాలనీ లేదు. కానీ ఆ కొండల మీద మంచు పడాలని ఆ ఏడు ఆమె కోరుకున్నంతగా అక్కడ హోటళ్లు నడిపేవాళ్లు కూడా కోరుకుని ఉండరు.

హుస్సేనమ్మది రాయచోటి దగ్గర పల్లె. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో యాసీన్ ఇంట్లో వంట, ఇంటిపని అంతా ఆమెదే. యాసీన్ హైదరాబాదు మనిషి. ఊరి చివర కొండల్లో రాళ్ల క్రషర్ నడుపుతాడు. భార్య ఫైజా, ముగ్గురు పిల్లలు, తల్లి సర్వర్ బేగం. కొండల వైపు నుంచి వచ్చే రాతిదుమ్ము, పొద్దున తుడిచిన కిటికీల మీద సాయంత్రానికి మళ్లీ పేరుకునేది. హుస్సేనమ్మ మళ్లీ తుడిచేది. వంట, అంట్లు, బట్టలు, ఇస్త్రీ, ముసలమ్మ కాళ్లకు నూనె. వంటింటి వెనక గదిలో ఆమె మంచంతో పాటు ఇస్త్రీ బల్ల, బియ్యం బస్తాలు, పిల్లలు వదిలేసిన సైకిళ్లు ఉండేవి. కాస్త నడుం వాల్చగానే ఎవరో ఒకరు తలుపు తట్టేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు, చెయ్యి చేసుకునేవాళ్లు కాదు. మంచివాళ్లే. ఏదో ఒకటి అడిగేవాళ్లు, అంతే.

నొప్పులైతే మాత్రలు ఉన్నాయి. హుస్సేనమ్మను పట్టుకున్నది నొప్పి కాదు. నిద్ర లేచేసరికే అలసిపోయి ఉండేది. ఉల్లిపాయలు తరుగుతూ నిలబడి, చేతిలో కత్తి ఎందుకుందో ఒక్క క్షణం గుర్తురాక అలాగే చూస్తూ ఉండిపోయేది.

డిసెంబరు మొదట్లో వచ్చే ఆ దేశపు నేషనల్ డే సెలవులకు ఇంటిల్లిపాదీ గుడౌరి వెళ్తారు. పోయినేడు వెళ్తూ హుస్సేనమ్మను షార్జాలో ఫైజా చెల్లెలి ఇంట్లో వదిలారు. అక్కడా అదే పని. ఈసారి ఫైజా, "నువ్వు ఇక్కడే ఉండి ఇల్లు చూసుకో" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి హుస్సేనమ్మ ఒకటే కల కంటోంది. ఖాళీ ఇల్లు. తలుపు తట్టేవాళ్లు లేని ఇల్లు. అందులో తను పడుకుని ఉండటం.

ఒక రోజు భోజనాల బల్ల దగ్గర ఫైజా ఫోన్ చూస్తూ వాతావరణ అంచనా పైకి చదివింది. "నవంబరు ఆఖరు దాకా కొండల మీద పొడిగానే ఉంటుందట. మామూలు కన్నా వెచ్చదనం ఎక్కువట. చెప్పుకోదగ్గ మంచు డిసెంబరు రెండో వారం దాటాకేనట."

పిల్లలు ఉసూరుమన్నారు. యాసీన్ రొట్టె తుంచుతూ, "బురద చూడ్డానికి అంత దూరం ఎందుకు? మానేద్దాం" అన్నాడు.

"అయితే మా చెల్లెళ్లిద్దరినీ పిల్లాపాపలతో ఇక్కడికే రమ్మంటాను. సెలవులన్నీ సందడిగా ఉంటాయి" అంది ఫైజా. కూర వడ్డిస్తున్న హుస్సేనమ్మ వైపు తిరిగి, "విన్నావా? మేడమీద గదులన్నీ సర్దాలి. హలీం కూడా చేద్దాం" అంది.

హుస్సేనమ్మ తల ఊపింది. గరిటె గిన్నెలో పెట్టేసి వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వింటూ నిలబడింది. ఏడుపు వస్తే బాగుండేదనిపించింది. రాలేదు.

ఆ ఇంటి డ్రైవర్ మల్లేశ్‌ది జగిత్యాల వైపు. మర్నాడు కార్ల షెడ్డులోకి టీ తీసుకెళ్లి హుస్సేనమ్మ అతన్ని అడిగింది. "మల్లేశా, ఆ గుడౌరిలో మంచు పడ్తాదో లేదో నీ ఫోన్లో సూడు నాయనా."

మల్లేశ్ నవ్వాడు. "నీకెందుకక్కా మంచు? ఐస్‌క్రీం చేస్తవా?" అంటూనే ఫోన్ తీసి, కొండ మీద పెట్టిన కెమెరా బొమ్మ చూపించాడు. ఎర్రమట్టి, ఎండిన గడ్డి, మనుషుల్ని కొండ మీదికి మోసే తీగల బండ్లు కదలకుండా వేలాడుతూ. "గిట్లున్నది. మంచు లేదు, మన్ను లేదు."

"ఇంక పడనే పడదా?"

"గది అంచనానే గద. నల్ల సముద్రం దిక్కు నుంచి చల్లగాలి కొడితే అంతా మారుతదని రాసిన్రు. కొడ్తదో కొట్టదో వాళ్లకే ఎరుక లేదు."

ఆ రోజు నుంచి హుస్సేనమ్మ రోజూ టీతో పాటు ఆ ప్రశ్న కూడా పట్టుకెళ్లేది. మల్లేశ్ రోజూ ఎర్రమట్టే చూపించేవాడు. మేడమీది గదుల్లో దుప్పట్లు మార్చడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆమె చేతులు చాపి, తనకు తెలిసిన తెలుగులోనే దువా చేసింది. "అల్లా, నాకేం ఇయ్యొద్దు. ఆ కొండ మింద ఇంత మంచు పడెయ్యి. వీళ్లు పోవల్ల."

వెనక కర్ర చప్పుడైంది. గుమ్మంలో సర్వర్ బేగం నిలబడి ఉంది. ఇంట్లో అందరూ ఉర్దూ మాట్లాడినా ఆమె హుస్సేనమ్మతో మాత్రం తెలుగులోనే మాట్లాడేది.

"అరె, మంచు కోసం దువానా? ఎందుకే?"

హుస్సేనమ్మకు దొరికిపోయినట్టయింది. అయినా అబద్ధం చెప్పే ఓపిక లేదు. "ఇల్లు ఖాళీ అయితే పండుకుందామని బేగంసాబ్. ఇంకేం లేదు."

ముసలమ్మ ఆమెను కాసేపు చూసింది. కర్ర టకటకలాడిస్తూ తన గదికి వెళ్లిపోయింది.

నవంబరు ఆఖరి వారంలో అంచనా మారింది. మల్లేశ్ తనే వంటింటి తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! చల్లగాలి వస్తున్నదట. సెలవులకు ముంగటనే జోరు మంచు. గుడౌరి పేరు కూడా రాసిన్రు!" సాయంత్రానికి ఫైజా చెల్లెళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పేసింది. పెట్టెలు దిగాయి. ఉన్ని కోట్లు ఎండకు వేసి, చేతితొడుగుల జతలు కలిపి, పిల్లలకు కారప్పూస వండి, హుస్సేనమ్మ ఇద్దరు మనుషుల పని చేసింది. అలసట అలాగే ఉంది. కానీ దానికి ఒక చివర కనిపించింది.

బయలుదేరే రోజు పొద్దున, పెట్టెలు కారులోకి ఎక్కాక, సర్వర్ బేగం సోఫాలో కూర్చుని, "నేను రాను" అంది.

యాసీన్ బతిమాలాడు. ఆమె కదల్లేదు. "పోయినేడు హోటల్ కిటికీ దగ్గర కూర్చోబెట్టి మీ కోట్లకు కాపలా పెట్టిన్రు. నాకు చాత కాదు. హుస్సేనమ్మ ఉన్నది గద, చూసుకుంటది."

విమానం వేళ అవుతోంది. వాళ్లు వెళ్లిపోయారు. హుస్సేనమ్మ గేటు వేసి వచ్చి, ముసలమ్మ ముందు జావ గిన్నె పెట్టింది. పెట్టిన తీరుకి జావ బల్ల మీద ఒలికింది.

"కోపమా?" అంది సర్వర్ బేగం. "నీకు తోడుంటనని ఉన్నానే."

"తోడు నేనడిగినానా?" హుస్సేనమ్మ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరుంటే జావ గాయల్ల, నీళ్లు పెట్టల్ల, నూనె రాయల్ల. నాకు సెలవు యాడుండాది? ఒక్క మనిషున్నా ఇల్లు ఇల్లే బేగంసాబ్."

అనేశాక భయం వేసింది. సర్వర్ బేగం మొహం మాత్రం చిన్నబోయింది, అంతే. నెమ్మదిగా అంది. "నాకు తోచలేదు చూడు. నా అలసటే నాకు కనిపించింది." ఒలికిన జావను తన రుమాలుతో తుడిచింది. "పైకి పో. చుట్టాల గదిలో పండుకో. గడియ పెట్టుకో. బ్రెడ్డున్నది, పాలున్నయి. నేను పిలవను. మాట ఇస్తున్న. నువ్వు లేచినప్పుడే లే."

హుస్సేనమ్మ వద్దనలేదు. వద్దనాలని తెలుసు. కాళ్లు అప్పటికే మెట్లెక్కుతున్నాయి. తానే పరిచిన కొత్త దుప్పట్ల మీద, కర్టెన్లు మూసిన గదిలో ఆమె పడుకుంది. ఏ కలా రాని నిద్ర. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చి, ఎవరూ పిలవడం లేదని గుర్తొచ్చి మళ్లీ కళ్లు మూసుకుంది. పూర్తిగా లేచేసరికి మరుసటి పగలు కర్టెన్ అంచున తెల్లగా కనిపిస్తోంది. ఒళ్లు తేలిగ్గా ఉంది. ఏళ్ల తర్వాత ఆకలి తెలిసింది.

కిందికి దిగింది. హాల్లో ఎవరూ లేరు. "బేగంసాబ్" అని పిలిస్తే స్నానాలగది వైపు నుంచి, "ఇక్కడున్న" అని సన్నగా వినిపించింది.

సర్వర్ బేగం తడినేల మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుడి మణికట్టు వాచి, వంకరగా తిరిగి ఉంది. పెదాలు పాలిపోయాయి. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చేసుకుంటూ జారిందట.

"పొద్దున్నించీనా? అరవకపోతిరి! గట్టిగా అరిస్తే నేను దిగిరానా?"

"మాటిచ్చిన గద" అంది ముసలమ్మ. "ఇంకొంచెం సేపుంటే లేస్తదిలే అనుకుంటూ కూర్చున్న."

హుస్సేనమ్మ నేల మీద కూలబడి, తడి బట్టలతో ఉన్న ఆమెను అలాగే కావలించుకుంది. ఆ రోజు కుళాయి దగ్గర రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. మల్లేశ్‌కు ఫోన్ చేసింది. సెలవులకు షార్జా అవతల అల్ కుసైస్‌లో ఉన్న తన ఊరివాళ్ల దగ్గరికి బయలుదేరినవాడు, దారిలోంచే వెనక్కి తిరిగాడు. ఆసుపత్రిలో ఎముక విరిగిందని చెప్పి కట్టు వేశారు.

కారులో సర్వర్ బేగం, "వాళ్లకు చెప్పకు. వచ్చేస్తరు. నీ సెలవు పోతది" అంది.

"పోయిందిలే" అంది హుస్సేనమ్మ, ఫైజాకు ఫోన్ కలుపుతూ.

అటువైపు గాలి హోరు. ఫైజా మాట తెగుతూ వినిపించింది. హుస్సేనమ్మ సంగతి చెప్పగానే యాసీన్ ఫోన్ తీసుకున్నాడు. "నువ్వెక్కడున్నావ్ అప్పుడు? ఏం చేస్తున్నావ్?"

"పండుకోనుండా సార్."

అతను ఏదో అరిచాడు. వెంటనే బయలుదేరతామన్నాడు. కానీ బయలుదేరలేకపోయారు. అక్కడ మంచు ఆగకుండా పడుతోంది. కొండ దిగే దారి మూసేశారు. ఆ కబురు చెప్పి మల్లేశ్ ఫోన్‌లో కెమెరా బొమ్మ తెరిచాడు. తెలుపు తప్ప ఏమీ లేదు. తీగల బండ్లు కూడా కనిపించలేదు.

"నువ్వడిగిన మంచే అక్కా" అన్నాడు. ఎగతాళిగా కాదు.

హుస్సేనమ్మ ఆ తెలుపును చాలాసేపు చూసింది. తను అడిగినందుకే పడిందని అనుకోవడానికి కూడా ఆమెకు ఓపిక లేదు. ఫోన్ తిరిగి ఇచ్చి, ముసలమ్మకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. తల దువ్వింది. బట్టలు మార్చింది. రాత్రిళ్లు ఆమె మంచం పక్కనే నేల మీద పడుకుంది. సెలవులు అలా అయిపోయాయి.

దారి తెరిచాక వాళ్లు వచ్చారు. యాసీన్ బూట్లు కూడా విప్పకుండా తల్లి గదిలోకి వచ్చాడు. కట్టు చూసి, హుస్సేనమ్మ వైపు తిరిగి, "నీ మీద నమ్మకంతో వదిలి వెళ్లాం" అన్నాడు.

"ఆమెనేం అనకు" అంది సర్వర్ బేగం. "నేనే పిలవలేదు. ఆమె లేపినా లేవలేనంత అలసిపోయి ఉన్నది. ఇన్నేళ్లల్ల మనలో ఒక్కరికీ కనిపించలేదు, నాకైనా."

అప్పుడు హుస్సేనమ్మే మాట్లాడింది. "సార్, నాకు వారంలో ఒక దినం కావల్ల. పని లేని దినం."

ఫైజా తెల్లబోయింది. "ఇప్పుడా అడిగేది? అమ్మీజాన్ ఇలా ఉంటే?"

"ఎప్పుడడిగినా ఏదో ఒకటి ఉంటాది మేడం."

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. హుస్సేనమ్మ వండింది, తుడిచింది, ముసలమ్మకు తినిపించింది. చివరికి ఫైజా వంటింట్లోకి వచ్చి, గిన్నెల వైపు చూస్తూ చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హుస్సేనమ్మ వెళ్లవచ్చు. రాత్రి వంట తను చేసుకుంటుంది. రోజంతా కుదరదు. సగం రోజే.

"సరే మేడం" అంది హుస్సేనమ్మ. పోట్లాడే ఓపిక అంతవరకే ఉంది.

మొదటి ఆదివారం ఎక్కడికి వెళ్లాలో ఆమెకు తెలియలేదు. మల్లేశ్ కారులో నీళ్ల ఒడ్డున జనం షికారుకొచ్చే కార్నిష్ దగ్గర దింపి, మళ్లీ వస్తానని వెళ్లాడు. పచ్చిక మీద పిల్లలు పరుగులు తీస్తున్నారు. హుస్సేనమ్మ నీళ్లకు ఎదురుగా ఒక బెంచీ మీద కూర్చుని చెప్పులు విప్పింది. ఎవరి ఇంట్లోనో పనిచేసే మనిషిలాగే ఉన్న ఒక ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"మీది ఏ ఊరమ్మా?" అని తెలుగులోనే అడిగింది.

హుస్సేనమ్మ నవ్వడానికి ప్రయత్నించింది. "చెప్తా తల్లీ. రోంచేపు ఊరికే కూచోనీ."

ఆవిడ సరేనన్నట్టు తల ఊపి, తన చెప్పులు కూడా విప్పింది. ఇద్దరూ నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నారు.